సర్దుకుపోయే రబ్బరు

స్త్రీల పత్రికలో కారు గురించి రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కారు నేర్చుకుని స్వేచ్ఛ రుచి చూసిన అనుభవాలు మనం చాలానే రాసుకున్నాం, చదువుకున్నాం. ఇది అలాంటిది కాదు. కారు వెనక చక్రాలు రెంటినీ కలిపే ఇరుసు గురించీ, ఆ ఇరుసుని బాడీకి పట్టివుంచే నాలుగు ఇనపచేతుల గురించీ, ఆ చేతుల చివర్లలో ఎవరి కంటా పడకుండా పనిచేసే రబ్బరు బుష్షుల గురించీ రాస్తున్నాను. రెండేళ్లపాటు నా సాయంకాలాల్లో సగం వీటికే పోయాయి. విద్యార్థుల పేపర్లు దిద్దుతూ దిద్దుతూ మార్జిన్లో కోణాలు గీసుకున్న రోజులున్నాయి.

నా కారు 1995 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ. ఎనిమిది సిలిండర్ల 5 లీటర్ల ఇంజను, 215 హార్స్‌పవర్. ఆ పాత 5 లీటర్ల ఇంజను మస్టాంగ్‌లో వచ్చిన ఆఖరి సంవత్సరం అదే. డియర్‌బోర్న్ ఫ్యాక్టరీలో తయారైంది. మిషిగన్‌లో నేనుండే ఊరి నుంచి అది ఎంతో దూరం కాదు. 2004లో అక్కడ మస్టాంగుల తయారీ ఆగిపోయింది. నేను మాత్రం దీన్ని 2022లో అరిజోనా నుంచి వచ్చినదని చూసి మరీ కొన్నాను. ఇక్కడ చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిన పాత కార్ల అడుగుభాగం ఆ ఉప్పుకి తుప్పుపట్టి అప్పడంలా విరుగుతుంది.

అప్పటికి నాకు యాభై మూడేళ్లు. అమ్మాయి చదువైపోయింది. ఇంటి అప్పు తీరింది. నచ్చింది, కొన్నాను. ఇంతకన్నా కారణం చెప్పాలని నాకు అనిపించదు గానీ, చెప్పమని అడిగేవాళ్లకి కొదవలేదు. ఉగాది పార్టీలో ఒక కుర్రాడు, "ఏంటక్కా, బావగారి సరదానా?" అన్నాడు. కాదు నాదే అంటే, "అయితే ఆటోమేటిక్కా?" అన్నాడు. గేర్లదే అన్నాను. ఆ తర్వాత అతనికి మాట్లాడటానికేమీ మిగల్లేదు, గారెల వైపు వెళ్లిపోయాడు.

మస్టాంగ్ చరిత్రలోనే ఈ అనుమానం ఉంది. 1964 ఏప్రిల్ 17న ఈ కారుని లోకానికి పరిచయం చేశారు. దానికి రెండు రోజుల ముందే షికాగోలో ఒకటి అమ్ముడైపోయింది. తెలిసినంతలో మొట్టమొదటి మస్టాంగ్ కొన్న మనిషి ఇరవై రెండేళ్ల ఒక బడిపంతులమ్మ! ఆ తర్వాత దీన్ని పందెపు కారుగా మార్చమని కారల్ షెల్బీని అడిగితే, ఇది సెక్రటరీల కారు కదా అని ఆయన పెదవి విరిచినట్టు చెప్పుకుంటారు. సెక్రటరీల కారు అంటే ఆడవాళ్ల కారు అని. అరవయ్యేళ్లుగా ఈ కారుకి మగతనం అంటగట్టడానికి పడుతున్న పాట్లన్నీ ఆ ఒక్క మాటని కడుక్కోవడానికేనేమో అని నాకు అనుమానం.

సరే, ఇరుసు సంగతికి వస్తాను.

నేను కొనేనాటికే ఈ కారుని దించేశారు. దించడమంటే పొట్టి స్ప్రింగులు వేసి బాడీని నేలకి దగ్గరగా తేవడం. అంగుళంన్నర కిందికి ఉంది. నాకది నచ్చింది. చక్రానికీ పైన మడ్‌గార్డుకీ మధ్య ఖాళీ లేకుండా, పిల్లి దూకబోయే ముందు ఒళ్లు నేలకి ఆనించినట్టు ఉంటుంది. బరువు కిందికి దిగితే మలుపుల్లో ఒరగడం తగ్గుతుందన్న సాంకేతిక కారణం ఉంది, అది నిజం కూడా. కానీ నాకు నచ్చింది చూపుకి. దీన్ని దాచుకోవలసిన పని లేదనుకుంటాను.

కొన్న నెలలోనే దాని రోగం బయటపడింది. ఇప్సిలాంటీ దగ్గర ఐ-94 హైవే ఎక్కే వంపులో, తడిరోడ్డు మీద, రెండో గేరులో మామూలుగా వేగం అందుకుంటుంటే వెనకభాగం దడదడమని ఎగిరింది. ఎగరడమంటే గతుకులో పడి లేవడం కాదు. ఎవరో కింద నుంచి సమ్మెటతో సెకనుకి పదిసార్లు కొడుతున్నట్టు. ఇంకోసారి, ఏమంత వేగం లేకుండానే మలుపు మధ్యలో వెనకచక్రాలు పట్టు తప్పి పక్కకి జరిగాయి. జారడం మెల్లిగా మొదలై పెరిగితే మనిషికి తెలుస్తుంది. ఇది తెలియనివ్వదు. ఇప్పటిదాకా ఉన్న పట్టు మరుక్షణం ఉండదు. చిన్న గుంట పడినా వెన్నులో కణుక్కుమనేది. కొలిచి చూస్తే ఇరుసు మధ్యలో లేదు, ఒక పక్కకి తప్పుకుని ఉంది.

మా ఇల్లు విజయవాడ పటమటలో. ఆటోనగర్ చప్పుడు వింటూ పెరిగినదాన్ని. లారీల కమాను కట్టలు విప్పి, కాల్చి, సుత్తితో వంపు తిరిగి తెప్పించే చోట్ల పక్కనుంచి బడికి నడిచేవాళ్లం. కమాను కట్టలో ఒక అందముంది. బరువు మొయ్యడం, ఇరుసు పక్కకి పోకుండా పట్టుకోవడం, ముందుకీ వెనక్కీ కదలకుండా నిలపడం, అన్నీ ఆ ఒక్క పట్టీల కట్టే చేస్తుంది. ఆ వీధుల్లో ఆడవాళ్లు ఉండేవాళ్లు. టీ అమ్మేవాళ్లు, క్యారేజీలు తెచ్చేవాళ్లు. బండి కింద పడుకుని పనిచేస్తూ మాత్రం ఒక్క ఆడమనిషినీ నేను చూడలేదు. కళ్లముందున్న విద్యే అయినా అది మనది కాదన్న గీత ఎవరూ గీయకుండానే ఉండేది.

నా కారు వెనక కమాను కట్టలు లేవు. గుండ్రటి స్ప్రింగులున్నాయి. గుండ్రటి స్ప్రింగు బరువు మాత్రమే మోస్తుంది, ఇరుసుని ఎటూ పట్టుకోలేదు. అందుకని నాలుగు ఇనపచేతులు పెట్టారు. కింద రెండు, పైన రెండు. కింది చేతులు కారు పొడవునా దాదాపు తిన్నగా ఉండి ఇరుసుని బాడీకి కలుపుతాయి. చక్రాల తోపు బాడీకి చేరేది ముఖ్యంగా వాటి గుండానే. పై చేతులు పొట్టివి. ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ దగ్గర మొదలై చెరో పక్కకి విచ్చుకుంటూ ముందుకి పోతాయి. ఇవి రెండు పనులు చెయ్యాలి. ఇంజను తిప్పే శక్తికి ఇరుసు తన చుట్టూ తాను మెలితిరగాలని చూస్తుంది, దాన్ని ఆపాలి. మలుపుల్లో ఇరుసు పక్కకి జరగాలని చూస్తుంది, దాన్నీ ఆపాలి. పక్కకి ఆపడానికి వేరే కడ్డీ ఏదీ లేదు. ఖర్చు కలిసొస్తుంది కదా! ఈ అమరిక 1978 మోడల్‌గా వచ్చిన ఫెయిర్‌మాంట్ అనే సాదాసీదా కుటుంబ కారు నుంచి మస్టాంగ్‌కి వచ్చింది. పిల్లల్ని బడికి దింపి సరుకులు తెచ్చుకోవడానికి అది చక్కగా సరిపోయేదే.

ఇందులో ఒక చిక్కుంది. మలుపులో బాడీ ఒక పక్కకి ఒరిగినప్పుడు ఈ నాలుగు చేతులూ నాలుగు వేరువేరు వంపుల్లో కదలాలి. చివర్లు కచ్చితమైన ఇనప కీళ్లయితే ఆ నాలుగు వంపులూ ఒకదానితో ఒకటి పొసగవు. లెక్క ప్రకారం అది బిగుసుకుపోయే నిర్మాణం. అయినా కదులుతోందంటే, ప్రతి చేయి చివరా ఉన్న రబ్బరు బుష్ నలిగి, సాగి, మెలి తిరిగి, లెక్కలో లేని చోటుని తన ఒంట్లోంచి ఇస్తోంది. సర్దుకుపోతోంది. డ్రాయింగులో ఆ రబ్బరు ఒక చిన్న వలయం. అసలు మొత్తం అమరిక దాని ఓపిక మీద నిలబడి ఉంది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఈ పేజీల్లో రాసేవాళ్లందరికీ వచ్చే ఉపమానం మీకీపాటికి వచ్చే ఉంటుంది. నాకూ వచ్చింది. రెండు ఉద్యోగాల పై చేయి, సర్దుకుపోయే రబ్బరు, ఇల్లు, ఆఫీసు... నేను దాన్ని అక్కడితో వదిలేస్తున్నాను. కనిపించిన ప్రతి వస్తువునీ స్త్రీకి ప్రతీకగా మార్చేస్తే ఆ వస్తువు గురించి మనం ఎప్పటికీ ఏమీ తెలుసుకోం. ఆటోనగర్లో మనల్ని గీతకి ఇవతల నిలబెట్టిన అలవాట్లలో ఇదీ ఒకటేమో. ఇనుముని ఇనుముగా చూద్దాం.

ఇనుముగా చూస్తే నా కారులో జరిగింది ఇది. పాత యజమాని దించడంతో ఆగలేదు. అన్ని చేతులకీ రబ్బరు తీసేసి పాలియురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్ బుష్షులు వేయించాడు. రబ్బరు మెత్తన, మెత్తన అంటే బలహీనం, గట్టిది వేస్తే కారు గట్టిపడుతుంది అన్నది ఈ లోకంలో బాగా చెల్లుబాటయ్యే తర్కం. కింది చేతులకి అది కొంతవరకు సరే. పై చేతులకి వేస్తే, ఒరగడానికి కావలసిన ఆ లెక్కలో లేని చోటు పోతుంది. మలుపులో బాడీ కొంత ఒరిగేదాకా బాగానే ఉండి, ఆ తర్వాత నాలుగు చేతులూ ఒకదాన్నొకటి పట్టేసుకుని వెనకభాగమంతా కొయ్యబారుతుంది. అప్పుడే టైరు జారేది. అంతేకాదు, రబ్బరు మింగవలసిన బలమంతా చేతులు తగిలించిన చోట బాడీ రేకుల మీద పడుతుంది. టార్క్ బాక్సులు అంటారు ఆ పెట్టెల్లాంటి భాగాల్ని. ఈ తరహా కార్లలో అక్కడ రేకు చిరగడం మెకానిక్కులందరికీ తెలిసినదే. నా కారులో ఎడమవైపు పైపెట్టె అతుకు దగ్గర వేలెడంత చీలిక అప్పటికే ఉంది.

దించడం వల్ల వచ్చిన తంటా వేరు. ఇరుసు చక్రాలతో పాటు తన ఎత్తులో తాను ఉంటుంది. దిగేది బాడీ. దానితో పాటు కింది చేతుల ముందు కొసలు దిగుతాయి. అంతకుముందు దాదాపు సమంగా ఉన్న చేతులు ఇప్పుడు ముందుకి వాలతాయి. కారుని ముందుకి నెట్టే తోపులో కొంత బాడీని కిందికి లాగడానికి, దాని ప్రతిచర్యగా ఇరుసుని పైకి తేల్చడానికి పోతుంది. టైరు నేలకి గట్టిగా ఆనవలసిన క్షణంలోనే తేలికవుతుంది. పట్టు తప్పుతుంది, మెలి విడుతుంది, మళ్లీ పట్టు దొరుకుతుంది, మళ్లీ మెలి. ఐ-94 మీద నేను విన్న సమ్మెట దెబ్బలు అవే. ఈ ఎగురుడుని అణచడానికి 1980ల మధ్య నుంచి జీటీల్లో మామూలు షాకబ్జార్బర్లకి తోడు ఇంకో రెంటిని అడ్డంగా పెట్టారు. నా కారులో అవి ఉన్నాయి గానీ వాటి పని ఎప్పుడో అయిపోయింది.

ఇక సలహాలు. ఈ రెండేళ్లలో నేను విన్నన్ని సలహాలు పెళ్లినాడు కూడా వినలేదు. నేను మొదట వెళ్లిన వర్క్‌షాపులో కౌంటర్ మీద మనిషి నా మాట మొత్తం విని, "మీవారు దీన్ని డ్రాగ్ పందేలకి వాడతారా, ట్రాక్ మీద తిప్పుతారా?" అని అడిగాడు. నాకు కోపం వచ్చింది. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే ఆ ప్రశ్నలో మొదటి మాట తప్పు గానీ మిగతాది సరైనదే అనిపించింది. దేనికోసం వాడతారు అన్నది తెలియకుండా వెనక సస్పెన్షన్ గురించి ఎవరూ ఏమీ చెప్పలేరు. తిన్నగా పావుమైలు దూసుకుపోయేవాళ్లకి కావలసింది ఒకటి, మలుపులు తిరిగేవాళ్లకి కావలసింది దానికి దాదాపు వ్యతిరేకం. కింది చేతుల వెనక కొసని ఇంకా కిందికి బిగించే బ్రాకెట్లు దొరుకుతాయి. అవి వేస్తే చేతుల వాలు సరిపోయి ఎగురుడు తగ్గుతుంది. మరీ కిందికి దించితే బాడీ ఒరిగినప్పుడల్లా ఇరుసు కొద్దిగా మెలి తిరిగి, వెనక చక్రాలు కారుని తామే మలుపులోకి తిప్పడం మొదలుపెడతాయి. పావుమైలు పందెగాడికి దానితో పనిలేదు. వాన పడుతున్న హైవే వంపులో నాకుంది.

నాకేం కావాలి? ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగకపోవడం ఒక ఎత్తు, దానికి జవాబు అంకెల్లో చెప్పవలసి రావడం ఇంకో ఎత్తు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, వారానికి మూడు రోజులు, కాలేజీకి వెళ్లి రావాలి. శీతాకాలం గరాజులో ఉంటుంది. ఏడాదికి ఒకసారి మిషిగన్ ఉత్తరకొసన సరస్సు ఒడ్డు రోడ్ల మీద వెళ్లాలి. నాకు నడుములో ఒక డిస్కు జారి ఉంది. కారు కిందికే ఉండాలి. ఎంత వేగం అన్న ప్రశ్నే లేదు.

ఆఖరిదాని ముందు మాట చాలామందిని ఇబ్బంది పెట్టింది. "నడుము నొప్పయితే పాత ఎత్తుకి లేపెయ్యండి, కంపెనీ రబ్బరు వేసుకోండి, హాయిగా ఉంటుంది" అని తేల్చేశారు. మంచి సలహాయే. అన్నిటికన్నా తక్కువ ఖర్చు. ఒక మగవాడు తన కారు కిందికే ఉండాలి, నడుము కూడా నొప్పెట్టకూడదు అంటే, ఎలా చెయ్యాలా అని అందరూ తలలు దగ్గర పెట్టుకుని కూర్చోవడం నేను కళ్లారా చూశాను. నేనంటే రెంటిలో ఒకటి వదులుకోమన్నారు. సౌకర్యం మన పేటెంటు కదా, అందం కోసం మొండికెయ్యడం ఈ వయసులో మనకి నప్పదు.

ఐరిస్ మారియన్ యంగ్ 1980లో 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్' అనే వ్యాసం రాసింది. స్త్రీలు తమ ఒంటిని ఒక శక్తిగానూ, పదిమంది చూసే వస్తువుగానూ ఒకేసారి అనుభవించేలా పెరుగుతారని, అందుకే ఏ పనిలోనూ ఒళ్లంతా పెట్టలేకపోతారని అందులో వాదిస్తుంది. దాన్ని నేను ఏళ్లతరబడి పాఠంగా చెప్పాను. కానీ ఒంటితో తెలుసుకోవడమనే మాటకి నాకు సరైన ఉదాహరణ ఈ కారులో దొరికింది. స్టీరింగు కన్నా ముందు, చెవి కన్నా ముందు, వెనక చక్రాల సంగతి తెలిసేది సీటుకి ఆనిన కటిభాగానికే. నా డిస్కు నాకు ఒక పనిముట్టయింది. కొత్త స్ప్రింగు వేశాక ఏం మారిందో మెకానిక్ మీటరు పెట్టే లోపలే నాకు తెలిసిపోయేది.

దానికీ లెక్క ఉంది. స్ప్రింగు మీద నిలిచిన బరువు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందన్నది స్ప్రింగు గట్టిదనాన్ని బట్టీ, బరువుని బట్టీ ఉంటుంది. సెకనుకి ఒకటి నుంచి ఒకటిన్నర సార్లు ఊగితే ఒంటికి హాయి. మనం నడిచే లయకి అది దగ్గర. నాలుగు నుంచి ఎనిమిది సార్ల మధ్య వచ్చే అదురు కూర్చున్న మనిషి వెన్నెముకకి అన్నిటికన్నా కష్టం. దించిన కార్లకి గట్టి స్ప్రింగు ఎందుకు వేస్తారంటే, దించినప్పుడు చక్రం పైకి కదలడానికి చోటు తగ్గిపోతుంది, మెత్తటి స్ప్రింగయితే ప్రతి గుంటలోనూ ఇరుసు వెళ్లి అడుగున రబ్బరు ఆపుడికి గుద్దుకుంటుంది. నా కారులో స్ప్రింగు కింది చేయి మధ్యలో కూర్చుంటుంది, చక్రం దగ్గర కాదు. అందుకని అంగుళానికి 300 పౌండ్ల స్ప్రింగు చక్రం దగ్గరికి వచ్చేసరికి దాదాపు సగమే. వెనక ఒక్కో మూల స్ప్రింగు మోసేది సుమారు 580 పౌండ్లనుకుంటే సెకనుకి 1.6 సార్లు. 250 పౌండ్లదయితే ఒకటిన్నర లోపు. ఈ లెక్క వెయ్యడానికి కావలసింది ఇంటర్మీడియెట్ ఫిజిక్సు. మారిస్ స్టెల్లా కాలేజీలో చదివిన రోజుల్లో నాకు ఫిజిక్సులో ఎప్పుడూ మంచి మార్కులే. ఆ మార్కులతో ఏం చెయ్యాలన్నది మాత్రం నన్నెవరూ అడగలేదు, సాహిత్యంలోకి వచ్చాను.

నా ముందున్న దారులు నాలుగు. ఎత్తు లేపి పాత రబ్బరుకి తిరిగి వెళ్లడం ఒకటి. పై చేతులకి మెత్తటి రబ్బరు తిరిగి వేసి, వాటి రెండు పనుల్లో ఒకటి, అంటే పక్కకి పట్టుకోవడం, పాన్‌హార్డ్ కడ్డీ అనేదానికి ఒప్పగించడం రెండు. పై చేతుల్ని పూర్తిగా తీసేసి, మెలి ఆపడానికి టార్క్ ఆర్మ్ అనే పొడుగు చేతినీ, పక్కకి ఆపడానికి పాన్‌హార్డ్ కడ్డీనీ పెట్టడం మూడు. అసలు ఆ మొద్దు ఇరుసునే తీసేసి, ఏ చక్రానికా చక్రం విడిగా కదిలే అమరికని వెయ్యడం నాలుగు. ఇది 1999 నుంచి 2004 మధ్య కోబ్రా అనే పై తరగతి మస్టాంగుల్లో వచ్చింది. ముద్దొచ్చే సంగతేమిటంటే అది పాత ఇరుసు బిగించే చోట్లలోనే బిగిసేలా తయారుచేశారు. గతుకుల్లో దాన్ని మించింది లేదు. కానీ బరువు, ఖరీదు, పాతికేళ్ల నాటి బుష్షులన్నీ మళ్లీ మార్చుకోవాలి. నాలుగోది నేను తొందరగానే పక్కన పెట్టాను.

పాన్‌హార్డ్ కడ్డీ అంటే ఏమీ లేదు. ఒక కొస ఇరుసుకి, ఇంకో కొస బాడీకి బిగించి కారుకి అడ్డంగా వేసే పొడుగు కడ్డీ. కారు పైకీ కిందికీ కదులుతుంటే అది ఒక వంపులో తిరుగుతుంది కాబట్టి ఇరుసు కాస్త పక్కకి జరుగుతుంది. కడ్డీ పొడుగ్గా, నేలకి సమాంతరంగా ఉంటే ఆ జరగడం లెక్కలోకి రానంత. ఆ చిన్న తేడా కూడా వద్దనుకునేవాళ్లు జేమ్స్ వాట్ 1784లో ఆవిరి యంత్రం కోసం కనిపెట్టిన లింకేజీని వాడతారు. అది తిన్నగా కదులుతుంది, బరువూ ఎక్కువ, డబ్బూ ఎక్కువ.

పేరు ఎక్కడిదా అని చూస్తే పాన్‌హార్డ్ ఎ లెవాసోర్ అనే పాత ఫ్రెంచి కంపెనీ దగ్గర తేలాను. అక్కడ ఒక ఆడమనిషి తగిలింది. జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్ తయారుచేసిన ఇంజనుకి ఫ్రాన్సులో హక్కులు ఎడ్వార్ సరజాఁ అనే ఆయన చూసేవాడు. ఆయన 1887లో చనిపోయాడు. భార్య లూయీజ్ సరజాఁ ఆ వ్యవహారాన్ని వదిలెయ్యకుండా తనే డైమ్లర్‌తో ఉత్తరాలు నడిపి, జర్మనీ వెళ్లి మాట్లాడి, హక్కులు నిలబెట్టుకుంది. 1890లో ఎమీల్ లెవాసోర్‌ని పెళ్లి చేసుకుంది. ఆ కంపెనీకి డైమ్లర్ ఇంజను వచ్చింది ఆమె చేతుల మీదుగా. ఫ్రాన్సులో మోటారు కార్ల పరిశ్రమ మొదలైన కథలో పాన్‌హార్డ్ పేరు కడ్డీకి మిగిలింది, లెవాసోర్ పేరు స్మారకాలకి మిగిలింది. లూయీజ్ పేరు "అతని వితంతువు", ఆ తర్వాత "ఇతని భార్య" అన్న రెండు పదాల మధ్య ఇరుక్కుంది. కారు కింద దూరినప్పుడల్లా ఆ కడ్డీని నేను లూయీజ్ అనే పిలుస్తున్నాను. మా మెకానిక్‌కి కూడా అలవాటు చేశాను.

ఆ మెకానిక్ గురించి చెప్పాలి. అరవై దాటిన నల్లజాతి స్త్రీ. యవ్వనంలో కార్ల ఫ్యాక్టరీలో లైను మీద పనిచేసి, తర్వాత సొంత షెడ్డు పెట్టుకుంది. కాలేజీలో మా విభాగం గుమాస్తా చెబితే ఆమె దగ్గరికి వెళ్లాను. నా కోణాల కాగితాలు చూపించబోతే చేత్తో వారించింది. "ముందు అది చెప్పకు హనీ. నీకు ఏం వినిపిస్తోంది, ఎక్కడ తగులుతోంది, అది చెప్పు" అంది. చెప్పాను. కారెక్కి పక్కన కూర్చుంది, నన్నే నడపమంది. తిరిగొచ్చాక కారుని లిఫ్టు మీద లేపి, పై చేతి బోల్టు వదులు చేసింది. టప్పున చప్పుడు చేస్తూ చేయి అరంగుళం పక్కకి జరిగింది. "ఇంత బిగువులో ఉంది ఇన్నాళ్లూ" అంది. ఆ తర్వాత నా కాగితాలు అడిగి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్కటీ చదివింది. రెండుచోట్ల ప్రశ్నలు వేసింది. ఒక సహోద్యోగి నా వ్యాసాన్ని అంత శ్రద్ధగా చదివి ఎన్నాళ్లయిందో!

రెండోదారికీ మూడోదారికీ మధ్య ఆమె, నేను నెలరోజులు వాదించుకున్నాం. ఆమెది రెండోదారి. మెత్తటి రబ్బరు, పాన్‌హార్డ్ కడ్డీ, ఖర్చులో సగం, చప్పుడు ఉండదు. టార్క్ ఆర్మ్ వేస్తే ఇరుసు నుంచి గేర్‌బాక్సు కింద అడ్డదూలం దాకా పొడుగు ఇనపచేయి వస్తుంది, పొగగొట్టాలు దారి మళ్లించాలి, డిఫరెన్షియల్ కూత బాడీలోకి వస్తుంది. ఇవన్నీ నిజమే. నా వాదన ఒక్కటే. రెండోదారిలో పై చేతులు అలాగే ఉంటాయి. పాన్‌హార్డ్ కడ్డీ ఇరుసుని ఒకచోట పట్టుకోవాలంటుంది, పై చేతులు తమ లెక్కలో ఇంకోచోట పట్టుకోవాలంటాయి. ఆ రెంటి తగువు మళ్లీ ఆ రబ్బరే తీర్చాలి. చిరిగిన టార్క్ బాక్సు మీద ఆ బలం మళ్లీ పడుతుంది. మూడోదారిలో ఒక్కో పనికి ఒక్కో కడ్డీ. పై పెట్టెల మీద బరువే ఉండదు. ఆమె నవ్వి, "కమారో వాళ్లు ఇరవయ్యేళ్లు చేసిందే కదా" అంది. నిజమే. షెవ్రోలే కమారోలో 1982 నుంచి 2002 దాకా టార్క్ ఆర్ముతో పాటు పాన్‌హార్డ్ కడ్డీ ఉండేది. మస్టాంగ్ అభిమానులకి ఆ పేరెత్తితే మంట. మస్టాంగ్ కూడా 2005లో కొత్త రూపంలో వచ్చినప్పుడు పైన ఒకే చేయి, పక్కకి పాన్‌హార్డ్ కడ్డీ పెట్టుకుంది. పనుల్ని విడదీసింది. 2015లో ఆ ఇరుసునే వదిలేసింది.

మూడోదారే పట్టాం. చీలిన పెట్టెని వెల్డింగు చేసి పైన పట్టీ వేసింది. స్ప్రింగులు 250 పౌండ్లవి. అంగుళంన్నర దించినదాన్ని అరంగుళం లేపాను, అంగుళం కిందే ఉంచాను. ఆ అరంగుళం నా నడుముకి. మిగతా అంగుళం నా కళ్లకి. అంత ఎత్తులోనూ లూయీజ్ సమాంతరంగా ఉండేలా బాడీవైపు బ్రాకెట్ కిందికి జరిపాం. కింది చేతులకి బ్రాకెట్లో అన్నిటికన్నా పైనున్న బెజ్జం, పందెగాళ్లు ముట్టనిది, వాడాం. షాకబ్జార్బర్లు పొట్టివి వేశాం, మామూలువయితే దించిన కారులో సగం నొక్కుకుపోయే ఉంటాయి. విడిభాగాలకీ కూలికీ కలిపి నాలుగు వేల డాలర్లు దాటింది. కారు కొన్న ధరలో సగం.

పని జరుగుతుండగా ఒకరోజు అమ్మ విజయవాడ నుంచి ఫోన్ చేసింది. ఎనభై దాటింది, చెవులు సరిగా వినపడవు. కారు ఇరుసు మారుస్తున్నామంటే శ్రద్ధగా వింది. పెదకళ్లేపల్లిలో వాళ్ల నాన్న బండికి ఇరుసు వేయించడం ఆమెకి గుర్తు. "ఎంత బరువు వెయ్యాలే దాని మీద?" అంది. "ఏ బరువూ లేదమ్మా, నేనొక్కదాన్నే" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. "నువ్వొక్కదానివేనా" అని, "అయితే గట్టిదే వేయించుకో" అంది.

ఇప్పుడు ఐ-94 వంపులో వెనకభాగం కూర్చుంటుంది, ఎగరదు. పట్టు తప్పబోయే ముందు చెబుతుంది. టైరు కొద్దికొద్దిగా కరకరమంటూ జారడం మొదలవుతుంది, కాలు తీస్తే సర్దుకుంటుంది. మెకానిక్ చెప్పినట్టే డెబ్బై మైళ్ల వేగం దగ్గర డిఫరెన్షియల్ సన్నగా కూస్తుంది. ఆ కూతని తగ్గించడానికి టార్క్ ఆర్మ్ ముందు కొసన కాస్త మెత్తటి బుష్ వేద్దామని ఆమె అంటోంది, రబ్బరుది. నేను ఇంకా ఏమీ చెప్పలేదు. వచ్చే శనివారం పాతదాన్ని విప్పి చూస్తాం.